కొత్త ప్యాకింగ్ వేసినా ఆగని ఆయిల్: ట్యాపెట్ కవర్ లీకేజీకి కారణాలు, ఇంటి మరమ్మతుకు హద్దులు

క్లుప్తంగా: ఇంజిన్ పైన ఉండే మూత ట్యాపెట్ కవర్. దాని అంచు నుంచి ఆయిల్ కారకుండా ఆపే ప్యాకింగ్ చవకైన భాగం. ఓపిక, నాలుగు పానాలు, చిన్న టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉంటే పెట్రోలు కార్లలో దాన్ని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. అయితే మార్చిన కొద్ది నెలలకే మళ్లీ ఆయిల్ చెమర్చడం చాలా కార్లలో కనిపిస్తుంది. ఇంజిన్ లోపలి వాయువులు బయటికి పోయే దారి మూసుకుపోవడం, పాత మడ్డిని పూర్తిగా తీయకపోవడం, బోల్టులను అతిగా బిగించడం దీనికి ప్రధాన కారణాలు. లీకేజీ ఎంత పెద్దదన్న దానికంటే కారిన ఆయిల్ దేనిమీద పడుతోందన్నదే ప్రమాద స్థాయిని నిర్ణయిస్తుంది.

సర్వీసింగుకు ఇచ్చిన కారు తిరిగి వచ్చేటప్పుడు బిల్లుతో పాటు ఒక్కోసారి ఒక హెచ్చరిక కూడా వస్తుంది: "ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది, మార్చాలి." అదే కారును మరో షెడ్డులో చూపిస్తే "చెమ్మే కదా, నడుపుకోండి, ఏమీ కాదు" అంటారు. ఇంటర్నెట్‌లోని వీడియోలేమో గంటలో అయిపోయే పని అని చూపిస్తాయి. వాహనదారు ఎవరి మాట నమ్మాలో తెలియక నిలబడిపోతాడు. నిజానికి ఈ మూడు మాటలూ ఏదో ఒక కారు విషయంలో సరైనవే. ఏ కారుకు ఏ మాట వర్తిస్తుందో తేల్చుకోవాలంటే ఆ కవర్ కింద జరిగే పని కొంత తెలియాలి.

కంపెనీ పుస్తకాల్లో దీన్నే సిలిండర్ హెడ్ కవర్ అనీ వాల్వ్ కవర్ అనీ రాస్తారు. విడిభాగాల దుకాణంలో ఏ పేరుతో అడిగినా ఇచ్చేది ఒకటే. కానీ "హెడ్ గ్యాస్కెట్" అని మాత్రం అడగకూడదు. అది సిలిండర్లు ఉండే ఇంజిన్ బ్లాకుకూ దాని పైన వాల్వులు ఉండే హెడ్డుకూ మధ్య ఉండే పూర్తిగా వేరే భాగం. దాన్ని మార్చాలంటే ఇంజిన్ సగం విప్పాలి.

కవర్ కింద ఒత్తిడి ఎంత?

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచి ఉండే తొట్టి పేరు సంప్. ఆయిల్ పంపు అక్కడి నుంచి ఆయిల్‌ను ఒత్తిడితో పైకి నెట్టి, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ బేరింగులకు చేరుస్తుంది. బేరింగు సందుల్లోంచి బయటపడిన క్షణంలోనే ఆ ఒత్తిడి పోతుంది. అక్కడి నుంచి ఆయిల్ చేసేవి రెండే పనులు. తిరుగుతున్న క్యామ్‌ల వల్ల చుట్టూ చిమ్ముతుంది, తరవాత హెడ్డులోని రంధ్రాల గుండా తన బరువుతో తానే సంప్‌లోకి జారిపోతుంది. ట్యాపెట్ కవర్ ఆ చిమ్మే ఆయిల్‌ను ఆపే మూత. దాని అంచు చుట్టూ ఉన్న గాడిలో కూర్చున్న రబ్బరు పట్టీయే ప్యాకింగ్.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, ఈ ప్యాకింగ్ ఆపాల్సింది ఒత్తిడితో కూడిన ఆయిల్‌ను కాదు, చిలకరింపును. హెడ్ గ్యాస్కెట్ దహన ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి పొరలు పొరలుగా ఉక్కుతో చేసి, పెద్ద బోల్టులతో గట్టిగా బిగిస్తారు. ట్యాపెట్ కవర్‌కు అంత బిగింపు అక్కర్లేదు, అంత బిగిస్తే పాడవుతుంది కూడా. రెండోది, లోపల ఒత్తిడి లేదన్న లెక్క మీదే ఈ అమరిక అంతా నిలబడి ఉంది. ఏ కారణం వల్లనైనా కవర్ కింద గాలి ఒత్తిడి పెరిగితే కొత్త ప్యాకింగ్ కూడా ఓడిపోతుంది.

రబ్బరు ఎందుకు గట్టిపడుతుంది?

ప్యాకింగ్ పనిచేసేది తన సాగే గుణంతో. రెండు లోహపు అంచుల మధ్య నలిగి, తిరిగి ఉబ్బాలని చూస్తూ రెండు వైపులా ఒత్తుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి వేడిలో ఉంటే రబ్బరు ఆ తిరిగి ఉబ్బే శక్తిని కోల్పోయి, నలిగిన ఆకారంలోనే ఉండిపోతుంది. పాత ప్యాకింగ్‌ను బయటికి తీసి చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన అంచు చదునుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. వేళ్లతో వంచితే పెళుక్కున విరుగుతుంది.

ఎన్నేళ్లకు ఈ స్థితి వస్తుందన్నది రబ్బరు రకాన్ని బట్టి మారుతుంది. నైట్రైల్ రబ్బరు సుమారు 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వరకు సౌకర్యంగా ఉంటుంది. ఎక్రిలిక్ రబ్బరు 150 డిగ్రీల దాకా, సిలికాన్, ఫ్లోరో రబ్బర్లు 200 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. మామూలు ప్రయాణంలో ఇంజిన్ ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. ఎగ్జాస్ట్ వైపు, అంటే కాలిన వాయువులు బయటికి పోయే వైపు, అంచు ఇంకా వేడెక్కుతుంది. ఇంజిన్ ఆపిన వెంటనే అది చల్లబడదు. కూలెంట్ తిరగడం ఆగిపోవడంతో హెడ్డు ఉష్ణోగ్రత కాసేపు ఇంకా పెరుగుతుంది. ట్రాఫిక్‌లో గంటసేపు పాకి వచ్చిన కారును ఆపేసినప్పుడు ప్యాకింగ్ మీద పడే భారం ఈ కొద్ది నిమిషాల్లోనే ఎక్కువ. చవక రకం నైట్రైల్ ప్యాకింగ్ వేసిన కారుకు ఇక్కడ మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

కవర్ దేనితో చేశారన్నది కూడా ముఖ్యమే. 2014 దాకా తయారైన అంబాసిడర్ కారు పాత పెట్రోలు ఇంజిన్ మీద రేకు కవరు, కింద కార్క్ ప్యాకింగ్, నడుమన రెండు నట్లు ఉండేవి. కార్క్ త్వరగా ఎండి కుంచించుకుపోతుంది. మెకానిక్ ఇంకాస్త బిగిస్తాడు, రేకు అంచు నట్టు దగ్గర లోపలికి వంగుతుంది. వంగిన అంచు మిగతా చోట్ల పైకి లేచి ఇంకా కారుతుంది. తరవాత వచ్చిన పోత అల్యూమినియం కవర్లు వంగవు, గాడిలో కూర్చునే రబ్బరు వాటికి సరిపోయింది. ఇప్పటి కార్లలో చాలావాటికి గాజు నార కలిపిన నైలాన్ ప్లాస్టిక్ కవర్లు వస్తున్నాయి. బరువు, ఖర్చు తగ్గాయి కానీ ఏళ్ల వేడికి ఇవి కొద్దిగా మెలితిరిగే అవకాశం ఉంది. మెలితిరిగిన కవర్‌కు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ప్రయోజనం ఉండదు. కవర్‌ను చదునైన గాజు పలక మీద బోర్లించి, అంచు ఎక్కడైనా లేచి ఉందేమో చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

మోటారు సైకిళ్లలోనూ ఇదే సూత్రం. హీరో స్ప్లెండర్ తరహా ఇంజిన్లలో పెద్ద కవర్‌కు బదులు రెండు గుండ్రటి ట్యాపెట్ మూతలు ఉంటాయి, వాటి కింద ‘ఓ’ రింగులు అనే రబ్బరు వలయాలు ఉంటాయి. పని చిన్నదే, పాడయ్యే తీరు మాత్రం ఒకటే.

మూసుకుపోయిన ఊపిరి

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా దహన వాయువుల్లో కొంత భాగం వాటి పక్కనుంచి కిందికి జారి, ఇంజిన్ కింది భాగమైన క్రాంక్‌కేసులోకి చేరుతుంది. దాన్ని బయటికి పంపకపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒకప్పుడు ఒక గొట్టం ద్వారా గాలిలోకి వదిలేసేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో కాలుష్యాన్ని అరికట్టడానికి ఆ వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి, పంపి కాల్చే పద్ధతి మొదలైంది. ఆ దారిలో కాపలా ఉండే చిన్న కవాటమే పీసీవీ వాల్వు. చాలా కార్లలో అది ట్యాపెట్ కవర్ మీదే, బొటనవేలంత పరిమాణంలో ఉంటుంది.

దగ్గర దూరాలే తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరి కాకుండా ఆయిల్‌తో కలిసి జిగటగా మారుతుంది. ఆయిల్ మార్చే గడువు కూడా దాటిపోతే అదే మడ్డిగా పేరుకుని పీసీవీ వాల్వునూ దాని గొట్టాన్నీ పూడ్చేస్తుంది. అప్పుడు వాయువులు వేరే దారి వెతుక్కుంటాయి. విజిల్ రంధ్రం పూడుకుపోయిన కుక్కర్‌లో ఆవిరి గ్యాస్కెట్ పక్కనుంచి తన్నుకొచ్చినట్టు, ఇక్కడ ఆయిల్ ప్యాకింగ్ పక్కనుంచి వస్తుంది. కుక్కర్ విషయంలో గ్యాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకునే వారు అరుదు, కార్ల విషయంలో జరిగేది ఎక్కువగా అదే.

పరీక్ష సులభం. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, రంధ్రం మీద పలచటి కాగితం పెట్టాలి. పెట్రోలు కారులో కాగితం మెల్లగా లోపలికి పీల్చుకున్నట్టు ఉంటే దారి బాగున్నట్టు. కాగితం ఎగిరిపోయేలా గాలి బయటికి తన్నుతుంటే పీసీవీ పూడుకుపోయి ఉండాలి, లేదా రింగులు అరిగి ఉండాలి. స్ప్రింగు రకం పీసీవీ వాల్వును బయటికి తీసి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనాలి. శబ్దం లేకపోతే అది అతుక్కుపోయినట్టే. ఈ పరీక్ష చేయకుండా ప్యాకింగ్ మార్చడమంటే సగం పని చేసినట్టు. మళ్లీ కారడం మొదలైతే తప్పు విడిభాగం అమ్మిన దుకాణం మీదికి పోతుంది, దోషి మాత్రం అలాగే ఉంటుంది.

ఎప్పుడు తొందరపడాలి?

ఆయిల్ చుక్కలు సుమారు 20 కలిస్తే ఒక మిల్లీలీటరు. నిమిషానికి ఒక చుక్క చొప్పున కారే బండిని రోజుకు గంటసేపు నడిపితే రోజుకు 3 మి.లీ., నెలకు 90 మి.లీ. పోతుంది. చిన్న కారు ఇంజిన్‌లో పట్టే ఆయిల్ సుమారు 3 లీటర్లు, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పుల్ల మీద రెండు గుర్తుల మధ్య తేడా ఒక లీటరుకు అటూఇటూ. కాబట్టి ఈ లెక్కన ఆయిల్ తగ్గి ఇంజిన్ పట్టేయడం అంత తేలిగ్గా జరగదు. వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకునే వారికి "ఏమీ కాదు" అన్న మెకానిక్ మాట నిజమే.

చుక్క పడే చోటు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (కాలిన వాయువులు ఇంజిన్ నుంచి బయటపడే లోహపు గొట్టాల భాగం) అయితే లెక్క మారుతుంది. ఇంజిన్ ఆయిల్ ఆవిర్లు అంటుకునే ఉష్ణోగ్రత 200 డిగ్రీలు దాటాక మొదలవుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో వేగంగా పోయేటప్పుడో మానిఫోల్డ్ అంతకు రెట్టింపు వేడెక్కగలదు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది కాలిన వాసన, పలచటి పొగ అంతే. ఎక్కువ సందర్భాల్లో, అన్నిసార్లూ కాదు.

అమెరికాలో జనరల్ మోటార్స్‌కు ఎదురైన అనుభవం దీనికి పెద్ద ఉదాహరణ. ఆ కంపెనీ 3.8 లీటర్ల వి6 ఇంజిన్ (వి ఆకారంలో రెండు వరసల్లో ఆరు సిలిండర్లు) ఉన్న కార్లలో వాల్వ్ కవర్ దగ్గర చెమర్చిన ఆయిల్, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చుక్కలుగా వేడి మానిఫోల్డ్ మీద పడి మంటలకు దారితీసింది. 2008లో ఒక విడత, 2009లో సుమారు 15 లక్షల కార్లతో మరో విడత వెనక్కి పిలిచి మరమ్మతులు చేశారు. అక్కడితో ఆగలేదు. 2015 అక్టోబరులో 1997 నుంచి 2004 మధ్య మోడళ్లకు చెందిన సుమారు 14 లక్షల కార్లను మళ్లీ పిలవాల్సి వచ్చింది. అప్పటికే మరమ్మతు చేసిన కార్లలోనే 1,300కు పైగా మంటలంటుకున్నట్టు కంపెనీయే చెప్పింది. ఆ పని పూర్తయ్యేదాకా కారును ఇంటి గ్యారేజీలో నిలపవద్దని, ఆరుబయటే ఉంచాలని యజమానులకు సూచించింది. తయారీదారు చేసిన మరమ్మతే శాశ్వతంగా నిలవని చోట, గంటలో ముగించిన పనికి ఎంత భరోసా ఇవ్వవచ్చో ఊహించుకోవచ్చు.

తొందరపడాల్సిన చోటు ఇంకొకటి స్పార్క్ ప్లగ్ గుంతలు. పాత కార్లలో ప్లగ్గులు హెడ్డు పక్కన ఉండేవి. ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులున్న ఇప్పటి ఇంజిన్లలో ప్లగ్గులు నడిమధ్యన, కవర్‌ను చీల్చుకుని వెళ్లే గొట్టాల అడుగున ఉంటాయి. ఆ గొట్టాల చుట్టూ ఉన్న సీళ్లు గట్టిపడితే ఆయిల్ బయటికి కనిపించకుండా గుంతలోకి దిగుతుంది. ప్లగ్గుకు విద్యుత్తు అందించే కాయిల్ రబ్బరు తొడుగు నాని ఉబ్బుతుంది, నిప్పురవ్వ దారి తప్పుతుంది, ఇంజిన్ కుదుపుతో నడుస్తుంది. నేల మీద ఒక్క చుక్క కూడా పడదు కాబట్టి యజమాని పెట్రోలు మీదో ప్లగ్గుల మీదో అనుమానపడతాడు. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ బెల్టు మీదికో, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీదికో కారే లీకేజీ కూడా ఈ జాబితాలోనిదే. రబ్బరు బెల్టుకు ఆయిల్ తగిలితే దాని ఆయుష్షు సగంలోనే ముగియవచ్చు.

కారేది అక్కడి నుంచేనా?

ఆయిల్ కిందికి జారుతుంది, ప్రయాణంలో గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే తడిసిన చోటు కారిన చోటు కాకపోవచ్చు. క్యామ్ సీలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, క్యామ్ సెన్సర్ ఓ రింగు, చివరికి ఆయిల్ పోసే మూత రబ్బరు కూడా ట్యాపెట్ కవర్ లీకేజీలాగే కనిపిస్తాయి. మూత రబ్బరు ఒక్కటి మారిస్తే ఆగిపోయే లీకేజీకి కవర్ అంతా విప్పడం అనవసరం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ భాగాన్ని డీగ్రీజర్‌తో శుభ్రంగా తుడిచి, ఆరాక అనుమానం ఉన్న అంచు కింద టాల్కమ్ పౌడరు పలచగా చల్లి, పది ఇరవై కిలోమీటర్లు తిప్పి చూడాలి. తెల్లటి పొడిలో నల్లటి గీత ఎక్కడ మొదలైందో అదే మూలం. తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నదాన్ని ముందు అనుమానించాలన్నది దీని వెనక ఉన్న నియమం.

విప్పడం తేలిక, మూయడమే అసలు పని

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయాలి. గొట్టాలు, తీగలు ఏవి ఎక్కడున్నాయో విప్పేముందే ఫోనులో ఫొటోలు తీసుకోవడం మంచిది. కాయిల్ కనెక్టర్ల ప్లాస్టిక్ క్లిప్పులు ఏళ్ల వేడికి పెళుసుగా మారి ఉంటాయి. ఇంటి మరమ్మతుల్లో ముందుగా విరిగేవి ఇవే. బలం పెట్టి లాగకుండా, క్లిప్పు నొక్కి కనెక్టరును ముందు కాస్త లోపలికి తోసి తరవాత బయటికి తీయాలి. ప్లగ్ గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే ప్లగ్గు విప్పకముందే దాన్ని గుడ్డతో పీల్చేయాలి. లేకపోతే అది నేరుగా సిలిండరులోకి దిగుతుంది.

బోల్టులన్నీ తీశాక కవర్ అతుక్కుని కదలకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి మీటకూడదు. అల్యూమినియం అంచు మీద పడే చిన్న గాటు రేపటి లీకేజీకి దారి. రబ్బరు సుత్తితో పక్కనుంచి నాలుగు దెబ్బలు వేస్తే పట్టు వదులుతుంది. కవర్ లేచిన మరుక్షణం టైమింగ్ చైను ఉన్న గుంతను నూలు రాలని గుడ్డతో కప్పాలి. అందులో పడిన వాషరును బయటికి తీయడానికి కొన్నిసార్లు సంప్ విప్పాల్సి వస్తుంది.

కవర్ తెరిచి ఉన్నప్పుడు లోపలి రంగు చూడటం మరవకూడదు. లోహం తేనె రంగులో మెరుస్తుంటే ఆయిల్ మార్పిడి సక్రమంగా జరిగినట్టు. నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంటే సమస్య ప్యాకింగ్‌తో తీరేది కాదు. పాత కారు కొనేవారు ఏ సర్వీసు పుస్తకం కన్నా ఈ ఒక్క దృశ్యాన్ని నమ్మవచ్చు.

శుభ్రం చేయడానికే ఎక్కువ సమయం కేటాయించాలి. హెడ్డు అంచును ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకి, బ్రేక్ క్లీనర్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ తడిపిన గుడ్డతో జిడ్డు పూర్తిగా పోయేదాకా తుడవాలి. గరుకు కాగితం, తిరిగే రాపిడి బిళ్లలు వాడకూడదు. వాటినుంచి రాలే సన్నటి రజను ఆయిల్‌తో కలిసి బేరింగుల్లోకి చేరుతుంది. కవర్ గాడి మూలల్లో పాత సిలికాన్ ముక్కలు మిగలకుండా చూడాలి. వేలితో తడిమితే అంచంతా ఒకేలా, నున్నగా, పొడిగా తగలాలి.

ఇక సిలికాన్ సీలెంట్ సంగతి. షెడ్లలో దీన్ని అంచు పొడవునా దట్టంగా పూసే అలవాటు ఉంది. భద్రత కోసమే అయినా ఫలితం తలకిందులుగా ఉంటుంది. రబ్బరు ప్యాకింగ్ పొడిగా కూర్చోవడానికే తయారైంది. జారుడు పదార్థం మధ్యలో ఉంటే అది గాడిలోంచి పక్కకు తప్పుకుంటుంది. పైగా బిగించేటప్పుడు లోపలికి పొంగిన సిలికాన్ తరవాత పీలికలుగా ఊడి సంప్‌లోని జల్లెడకు అడ్డుపడుతుంది. చెమ్మ ఆపబోయి ఇంజిన్‌కు ఆయిలే అందకుండా చేసినట్టవుతుంది. సీలెంట్ అవసరమైన చోట్లు కొన్నే ఉంటాయి. టైమింగ్ చైను కవర్ హెడ్డుతో కలిసే అతుకులు, క్యామ్‌షాఫ్ట్ చివర ఉండే అర్ధచంద్రాకారపు మూలలు అలాంటివి. అక్కడ శనగగింజంత చుక్క చాలు. వెనిగర్ వాసన వచ్చే స్నానాలగది సిలికాన్ అసలు పనికిరాదు. అది ఆయిల్‌కు నిలవదు, లోహాన్ని తింటుంది. దాని ఆవిర్లు పీసీవీ దారిలో ఇన్‌టేక్‌లోకి వెళ్లి, కాలి, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ మీద పూతలా పేరుకుంటాయి. ఇంజిన్లకు ఉద్దేశించిన, సెన్సర్‌కు హాని చేయనని డబ్బా మీద రాసి ఉన్న రకమే వాడాలి. అది పూర్తిగా గట్టిపడటానికి సాధారణంగా 24 గంటలు పడుతుంది. సాయంత్రం పని ముగించి మర్నాడు సాయంత్రం దాకా కారును కదపకుండా ఉండగలిగితేనే ఈ పని పెట్టుకోవడం మంచిది.

చివరిది బిగింపు. చాలా కార్లలో ఈ బోల్టులు 6 మి.మీ. మరవి, తలకు 10 మి.మీ. పానా పడుతుంది. కంపెనీలు చెప్పే బిగింపు ఎక్కువగా 8 నుంచి 11 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. చక్రం నట్టుకు కావాల్సిన దానిలో ఇది పదో వంతు. 15 సెంటీమీటర్ల పిడి ఉన్న పానా చివర సుమారు 7 కిలోల బలం పెడితే 10 న్యూటన్ మీటర్లు వస్తాయి. అదే 30 సెంటీమీటర్ల పిడి అయితే మూడున్నర కిలోలే చాలు. పొడుగు పిడి చేతికి దొరికిన మనిషి అంత తక్కువతో ఆగడం కష్టం. అందుకే చిన్న టార్క్ రెంచి లేని ఇంట్లో ఈ పని చేయడం పందెం కట్టడమే అవుతుంది. చాలా ఇంజిన్లలో బోల్టుకు మెట్టులాంటి భుజం ఉంటుంది. అది హెడ్డుకు ఆనగానే ప్యాకింగ్ నలగాల్సినంతా నలిగినట్టు లెక్క. ఆ తరవాత తిప్పే ప్రతి చుట్టూ రబ్బరును కాదు, అల్యూమినియం మరను తింటుంది. మర పోతే కొన్ని వందల రూపాయల పని వేలల్లోకి చేరుతుంది. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, ఎదురెదురుగా బయటికి జరుగుతూ, రెండు మూడు విడతల్లో బిగించాలి. బోల్టు తల కింద రబ్బరు వాషర్లు ఉంటే వాటిని కూడా ప్యాకింగ్‌తో పాటే మార్చాలి. అవీ అదే వేడిలో అన్నేళ్లూ నలిగినవే.

ఖర్చు లెక్క ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి

అమెరికాలో మెకానిక్ గంట కూలి 100 డాలర్లు దాటడం మామూలు. వి6 ఇంజిన్ అయితే రెండు కవర్లు, వెనక కవర్‌ను చేరాలంటే ఇన్‌టేక్ భాగాలు విప్పాలి. ప్యాకింగ్ ధర కన్నా కూలి ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అక్కడి తెలుగువారిలో చాలామంది సొంతంగా చేయడానికి సిద్ధపడటంలో ఆశ్చర్యం లేదు. సొంతిల్లు ఉన్నవారికి ఇంటి ముందు జాగా ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో మాత్రం పార్కింగులో మరమ్మతులు చేయరాదన్న షరతు అద్దె ఒప్పందాల్లో తరచుగా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లెక్క వేరు. చిన్న పెట్రోలు కారు ప్యాకింగ్ కొన్ని వందల రూపాయలకు వస్తుంది, కూలి కూడా దానికి కాస్త అటూఇటూగానే ఉంటుంది. టార్క్ రెంచి కొనే డబ్బుతో షెడ్డులో పని పూర్తవుతుంది. అందుచేత ఇక్కడ ఇంట్లో చేసుకోవడం వల్ల ఆదా అయ్యే డబ్బు స్వల్పం. దక్కే లాభం వేరే ఉంది, అది తీరిక. రోజుకు పది బండ్లు చూసే షెడ్డులో గాడి మూలలు గీకడానికి, 24 గంటలు ఆగడానికి సమయం దొరకదు. ఆ రెండూ చేయించగలిగితే షెడ్డు పనే మేలు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ హైదరాబాద్ పుత్లీబౌలిలో గానీ ప్యాకింగ్ కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే కారుకు వేర్వేరు ఏళ్లలో వేర్వేరు ఇంజిన్లు వచ్చాయి కాబట్టి ఛాసిస్ నంబరు చూపించి తీసుకోవాలి. అసలైన భాగానికీ నకలుకూ ధరలో తేడా కంటికి కనిపిస్తుంది, రబ్బరు రకంలో తేడా రెండేళ్ల తరవాతే తెలుస్తుంది.

సెల్లార్ పార్కింగులో పని పెట్టుకునేవారు గాలి ఆడే చోటు చూసుకోవాలి. బ్రేక్ క్లీనర్ ఆవిర్లు త్వరగా అంటుకుంటాయి, నేలబారుగా పేరుకుంటాయి.

డీజిల్ కార్ల జోలికి ఇంట్లో వెళ్లకపోవడమే మంచిది. ఇప్పటి డీజిల్ కార్లలో వచ్చే కామన్ రైల్ ఇంజిన్లలో కవర్ మీదుగా, కొన్నిటిలో కవర్‌ను చీల్చుకుని, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు, వాటి గొట్టాలు ఉంటాయి. వాటిలో ఇంధనం వెయ్యి బార్‌కు పైగా ఒత్తిడితో ప్రవహిస్తుంది. విప్పిన గొట్టాన్ని తిరిగి సరిగా బిగించకపోతే వచ్చే ముప్పు ఆయిల్ చెమ్మకన్నా ఎన్నో రెట్లు పెద్దది.

పని అయ్యాక ఏమి చూడాలి?

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాస్త పొగ, కాలిన వాసన వస్తే కంగారు పడనక్కర్లేదు. మానిఫోల్డ్ మీద మిగిలిన పాత ఆయిల్ కాలిపోతే అది ఆగిపోతుంది. రెండు మూడు రోజులు తిరిగాక కూడా వాసన పోకపోతే మళ్లీ చూడాలి. ఇంజిన్ కుదుపుతో నడుస్తూ హెచ్చరిక దీపం వెలిగితే ముందుగా కాయిల్ కనెక్టర్లు సరిగా కూర్చున్నాయో లేదో, పీసీవీ గొట్టం తిరిగి తగిలించారో లేదో చూసుకోవాలి. కార్క్ ప్యాకింగ్ అయితే ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగింపు సరిచూడాలి. రబ్బరుకు ఆ అవసరం సాధారణంగా ఉండదు. చెమ్మ కనిపించింది కదా అని ఇంకో చుట్టు బిగిస్తే భుజం బోల్టుల కథే పునరావృతమవుతుంది.

అంచంతా పొడిగా ఉండి ప్లగ్ గుంతల్లో మాత్రం మళ్లీ ఆయిల్ చేరుతుంటే తప్పు ప్యాకింగ్‌ది కాదు, గొట్టాల సీళ్లది. కొన్ని ఇంజిన్లలో ఇవి ప్యాకింగ్ సెట్టులోనే వస్తాయి, కొన్నిటిలో విడిగా కొనాలి. నిస్సాన్ వీక్యూ35 వి6 లాంటి ఇంజిన్లలో వాటిని కవర్‌లోనే శాశ్వతంగా అమర్చారు, కంపెనీ విడిగా అమ్మదు. అలాంటి కారుకు ప్యాకింగ్ ఒక్కటే కొని తెచ్చుకుంటే కవర్ రెండోసారి విప్పాల్సిందే. ఆ ఇంజిన్లకు మొదటిసారే కవర్‌తో సహా కొనడం దండగ కాదు.